పరుగు వేగం చూసి రిసీవర్‌ను ఎంచుకోవచ్చా?

వసంతం రాగానే టెక్సాస్ హైస్కూల్ ట్రాక్ పోటీల ఫలితాల పట్టికలను ట్రాక్ కోచ్‌లతో సమానమైన శ్రద్ధతో చదివేవాళ్ళు మరికొందరు ఉంటారు. వాళ్ళు కాలేజీల అమెరికన్ ఫుట్‌బాల్ జట్లకు ఆటగాళ్ళను వెతికే సిబ్బంది. నూరు మీటర్లను 10.3 సెకన్లలో ముగించిన పదిహేడేళ్ళ కుర్రవాడి పేరు ఆ పట్టికలో కనిపించిందంటే, అతను బంతి ఎలా పడతాడన్నది తెలుసుకోకముందే ఎవరో ఒకరు అతనికి ఫోన్ చేస్తారు. డాలస్ శివార్లలో ఉంటూ శుక్రవారం రాత్రి హైస్కూల్ ఫుట్‌బాల్‌నూ ట్రాక్ పోటీలనూ ఒకే ఇష్టంతో చూసే నాకు ఆ ఫోన్ పిలుపు సంతోషాన్నీ కలవరాన్నీ కలిపే కలిగిస్తుంది. అతని కష్టానికి గుర్తింపు దొరికిందన్నది సంతోషం. అతనిలో ఏది చూసి పిలుస్తున్నారో, ఏది చూడకుండా వదిలేస్తున్నారో ఆ పిలిచేవాళ్ళే సరిగ్గా ఆలోచించలేదేమోనన్నది కలవరం.

నేను అనుకునేది ఇది. ట్రాక్ మీద కూడా పరుగెత్తే ఫుట్‌బాల్ ఆటగాణ్ణి కాలేజీ జట్టు ఎంత దూరమైనా వెళ్ళి వెతికి తెచ్చుకోవాలి. ఫుట్‌బాల్ ఆడని స్ప్రింటర్‌ను తెచ్చి రిసీవర్‌గా తయారుచేయవచ్చన్న నమ్మకం మాత్రం చాలా సందర్భాల్లో జట్టుకూ ఆ కుర్రవాడికీ నష్టమే మిగిల్చింది. ఈ రెండు పనులనూ ఒకే గాటన కట్టి మాట్లాడుతున్నందువల్లే ఈ చర్చ దశాబ్దాలుగా తెగకుండా సాగుతోందని నాకనిపిస్తుంది.

అమెరికన్ ఫుట్‌బాల్‌ను దగ్గరగా చూడనివారి కోసం ఒక మాట. మైదానం పొడవు 100 గజాలు, అంటే సుమారు 91 మీటర్లు. క్వార్టర్‌బ్యాక్ విసిరే బంతిని అందుకోవడం రిసీవర్ పని; అతన్ని వెంటాడి ఆ బంతి అందకుండా చేయడం కార్నర్‌బ్యాక్ పని; వీళ్ళిద్దరికీ వెనుక, ఇంకా లోతున నిలబడి, తప్పించుకుని వచ్చినవాణ్ణి ఆపేవాళ్ళు సేఫ్టీలు. వీళ్ళందరి కన్నా వేగంగా పరుగెత్తగలవాడు రిసీవర్‌గా ఉంటే బంతిని అతని ముందుకు విసిరితే చాలు కదా అన్నది ఎవరికైనా మొదట తోచే ఊహ. ఆ ఊహ నిజమైన సందర్భం ఒకటుంది కాబట్టే అది ఇంతకాలం బతికింది.

ఆ సందర్భం పేరు బాబ్ హేస్. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో ఆయన నూరు మీటర్లను 10.0 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డును సమం చేశాడు. రిలేలో చివరి అంచెలో వెనుక నుంచి వచ్చి అందరినీ దాటి రెండో స్వర్ణం తెచ్చాడు. మరుసటి ఏడాది డాలస్ కౌబాయ్స్ అనే ప్రొఫెషనల్ జట్టులో చేరి, తొలి సీజన్‌లోనే 46 బంతులు పట్టి 1,003 గజాలు ముందుకు సాగి, 12 టచ్‌డౌన్లు (బంతితో చివరి గీత దాటడం) సాధించాడు. ఆయన వెంట ఒక్కణ్ణే పెట్టి ఆపడం సాధ్యం కాక, జట్లు మనిషికి మనిషిని కాపలా పెట్టే పద్ధతి నుంచి మైదానంలో భాగాలను పంచుకుని కాచే జోన్ పద్ధతి వైపు ఎక్కువగా మొగ్గాయని ఆట చరిత్ర చెప్పేవారు అంటారు. 2009లో, మరణానంతరం, ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ మేటి ఆటగాళ్ళకు దక్కే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు చోటు దక్కింది. హేస్ కథ చెప్పేటప్పుడు చాలామంది వదిలేసే సంగతి ఒకటుంది: ఆయన ఫ్లోరిడా ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో జేక్ గెయిథర్ అనే గొప్ప కోచ్ కింద ఫుట్‌బాల్ ఆడుతూనే పరుగెత్తాడు. టోక్యోకు వెళ్ళేనాటికే ఆయన ఫుట్‌బాల్ ఆటగాడు. కౌబాయ్స్ జట్టు ఆయనను ఎంపిక చేసుకున్నది కూడా ఒలింపిక్స్‌కు ముందే.

హేస్‌ను చూసి అదే పని మళ్ళీ చేయబోయినప్పుడు ఏమైందో జిమ్ హైన్స్ ఉదంతం చెబుతుంది. 1968 మెక్సికో సిటీ ఒలింపిక్స్‌లో నూరు మీటర్లను 9.95 సెకన్లలో పరుగెత్తిన హైన్స్, గడియారం లెక్కలో హేస్ కన్నా వేగవంతుడే. మయామీ డాల్ఫిన్స్ ఆయనను తీసుకుంది. 1969 సీజన్ మొత్తానికీ ఆయన పట్టినవి 2 బంతులు, వచ్చినవి 23 గజాలు. ఆ సంఖ్యలను నేను ఆయనను చిన్నబుచ్చడానికి చెప్పడం లేదు. ప్రపంచంలోకెల్లా వేగవంతుడైన మనిషికి, తాను ఎన్నడూ సరిగా నేర్చుకోని పనిని, అది చిన్నప్పటి నుంచీ చేస్తున్నవాళ్ళ నడుమ నిలబెట్టి చేయమన్నారు. తప్పు ఆయన కాళ్ళది కాదు, ఆ కాళ్ళను చూసి చేతుల గురించి ఊహించుకున్నవాళ్ళది. అదే ఒలింపిక్స్‌లో 200 మీటర్ల స్వర్ణం గెలిచిన టామీ స్మిత్ కూడా సిన్సినాటి బెంగాల్స్‌కు ఆడినప్పుడు పట్టింది ఒక్క బంతే.

110 మీటర్ల హర్డిల్స్‌ను 13 సెకన్ల లోపు దాటిన మొదటి మనిషి రెనాల్డో నెహెమాయా సంగతి మరింత ఆలోచింపజేస్తుంది. 1981లో జ్యూరిక్‌లో 12.93 పరుగెత్తిన ఆయన కాలేజీలో ఫుట్‌బాల్ ఆడలేదు. 1982లో శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్‌లో చేరాడు. అప్పటి ఆ జట్టుకు బిల్ వాల్ష్ వంటి కోచ్, జో మాంటానా వంటి క్వార్టర్‌బ్యాక్ ఉన్నారు. నేర్పడానికి అంతకన్నా మంచి బడి ఆ రోజుల్లో లేదు. అయినా మూడు సీజన్లలో ఆయన పట్టినవి 43 బంతులు. తర్వాత ఆయన మళ్ళీ హర్డిల్స్‌కే వెళ్ళిపోయాడు. అంతటి చోట కుదరని మలచడం, వారానికి ఇరవై గంటల సాధన పరిమితి ఉన్న కాలేజీ జట్టులో, ఒకవైపు తరగతులకు హాజరవుతున్న పంతొమ్మిదేళ్ళ కుర్రవాడికి కుదురుతుందని ఏ ధైర్యంతో అనుకోవాలి?

ఎందుకు కుదరదో తెలియాలంటే రిసీవర్ చేసే పనిని కొంచెం విడదీసి చూడాలి. స్ప్రింటర్ శిక్షణ అంతా ఒక గీత మీద, ఒక దిక్కున, ఆగకుండా, అడ్డు లేకుండా వేగం పెంచుకుంటూ పోవడానికే. ఉసేన్ బోల్ట్ 2009లో బెర్లిన్‌లో 9.58 పరుగెత్తినప్పుడు ఆయన గరిష్ఠ వేగం 60, 80 మీటర్ల గుర్తుల మధ్య నమోదైంది. ఫుట్‌బాల్‌లో ఒక రిసీవర్‌కు ఎవరూ చేయి వేయకుండా అరవై మీటర్లు తిన్నగా పరుగెత్తే అవకాశం ఒక ఆటలో ఒకసారి దొరకడమే గొప్ప. అతని పని ఎక్కువగా పది, పదిహేను గజాల లోపలే జరుగుతుంది: ఎదురుగా నిలిచి రొమ్ము మీద చేతులతో నెట్టే కార్నర్‌బ్యాక్‌ను తప్పించుకోవాలి, పూర్తి వేగంతో వెళ్తున్నట్టు నమ్మించాలి, రెండు మూడు అడుగుల్లో ఆ వేగాన్నంతటినీ చంపేసి, తుంటిని దించి, వెనక్కో పక్కకో తిరగాలి, తిరిగేసరికే గాలిలో ఉన్న బంతిని చూడాలి. ఆగడం అన్నది ట్రాక్ మీద ఎవరూ నేర్పని విద్య. గీత దాటాక స్ప్రింటర్ ఆగడానికి ఎంత దూరం తీసుకున్నా ఎవరూ పట్టించుకోరు. రిసీవర్‌కు మాత్రం ఆగడంలోనే సగం ఆట ఉంది, ఎందుకంటే వెంటాడుతున్నవాడు ఒక్క అడుగు ముందుకు జారిపోయేది ఆ క్షణంలోనే.

10.4 పరుగెత్తేవాడికీ 10.8 పరుగెత్తేవాడికీ నూరు మీటర్ల గీత దగ్గర సుమారు నాలుగు మీటర్ల ఎడం ఉంటుంది. అదే ఇద్దరినీ పదిహేను గజాల దగ్గర చూస్తే ఆ ఎడం ఒక చేయి పొడవుకు మించదు. ఆ చేయి పొడవును మంచి కార్నర్‌బ్యాక్ మొదటి నెట్టుతోనే లాగేసుకుంటాడు. పైగా ప్రొఫెషనల్ ఆటలో, అయిదు గజాల తర్వాత రిసీవర్‌ను తాకకూడదన్న నియమం 1978 నుంచి ఉంది; కాలేజీ ఆటలో ఆ నియమం ఆ రూపంలో లేదు. కాబట్టి దారికి అడ్డం పడి లయ చెడగొట్టే అవకాశం కాలేజీ కార్నర్‌బ్యాక్‌కే ఎక్కువ.

ఇక బంతి పట్టడం. వెనుక నుంచి భుజం మీదుగా వచ్చే బంతిని పరుగు తగ్గించకుండా అందుకోవడం ఎంత కష్టమో మన పాఠకులకు చెప్పడానికి 1983 జూన్ 25 చాలు. లార్డ్స్‌లో మదన్‌లాల్ బౌలింగ్‌లో వివ్ రిచర్డ్స్ కొట్టిన బంతి కోసం కపిల్‌దేవ్ వెనక్కి పరుగెత్తి పట్టిన క్యాచ్‌లో కాళ్ళ వేగం ఎంతో, బంతి ఎక్కడ దిగుతుందో మొదటి అడుగులోనే చదివిన కంటి పని కూడా అంతే. ఆ కన్ను చిన్నప్పటి నుంచి వేలసార్లు బంతి కింద పరుగెత్తినవాడికి వస్తుంది. పంతొమ్మిదో ఏట మొదలుపెట్టిన మెరుపు పరుగువాడు బంతి కోసం తల తిప్పినప్పుడల్లా వేగం కోల్పోతాడు. ఏ వేగం కోసం అతన్ని తెచ్చారో అదే బంతి గాలిలో ఉన్నంతసేపూ అతని దగ్గర ఉండదు.

అయితే స్ప్రింటర్లు అక్కరలేదనేవారితోనూ నేను ఏకీభవించను. కాలేజీ మైదానాన్ని ఒకసారి చూడండి. బంతిని ఏ రెండు గీతల మధ్య ఉంచి ఆట మొదలుపెడతారో ఆ హ్యాష్ గీతల ఎడం ప్రొఫెషనల్ ఆటలో 18.5 అడుగులు, కాలేజీలో 40 అడుగులు. మైదానం వెడల్పు రెండు చోట్లా ఒకటే, 160 అడుగులు. అంటే కాలేజీలో బంతి ఒక హ్యాష్ మీద ఉన్నప్పుడు రెండో వైపు కాపాడవలసిన నేల చాలా ఎక్కువ. ఆ విశాలమైన వైపున నిజమైన వేగం ఉన్న రిసీవర్‌ను నిలబెడితే, అతనికి బంతి విసరకపోయినా సేఫ్టీ నాలుగు అడుగులు వెనక్కి జరుగుతాడు. అతను జరిగిన ఖాళీలో మిగతావాళ్ళకు ఆట దొరుకుతుంది. గణాంకాల పట్టికలో కనిపించని ఈ లాభం నిజమైనది. కాకపోతే ఆ లాభం ఎదుటి జట్టు భయపడినంతకాలమే ఉంటుంది. అతను తిన్నగా తప్ప పరుగెత్తడనీ, పది గజాల దగ్గర ఆగి తిరగలేడనీ వీడియోలు చూసిన ప్రత్యర్థి కోచ్‌లకు అక్టోబరు నాటికి తెలిసిపోతే, సేఫ్టీ మళ్ళీ తన చోటికి వచ్చేస్తాడు.

వేగానికి తోడు ఆట కూడా ఉన్నప్పుడు ఏమవుతుందో చూపడానికి హేస్ ఒక్కడే దిక్కు కాదు. కొలరాడో విశ్వవిద్యాలయంలో రెండు క్రీడలూ ఆడిన క్లిఫ్ బ్రాంచ్ రైడర్స్ జట్టుతో మూడు సూపర్ బౌల్స్ (ప్రొఫెషనల్ లీగ్ ఫైనల్స్) గెలిచి 2022లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు. టెన్నెసీ విశ్వవిద్యాలయానికి ఫుట్‌బాల్ ఆడుతూనే ట్రాక్‌లో దేశానికి ప్రాతినిధ్యం వహించిన విల్లీ గాల్ట్, 1983 హెల్సింకీ ప్రపంచ పోటీల్లో 37.86 సెకన్ల ప్రపంచ రికార్డు నెలకొల్పిన రిలే జట్టులో ఉన్నాడు. అదే ఏడాది, ప్రొఫెషనల్ జట్లు వంతుల వారీగా కాలేజీ ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, షికాగో బేర్స్ ఆయనను మొదటి రౌండ్‌లో తీసుకుంది. పదకొండు సీజన్లు ఆడి, పట్టిన ఒక్కో బంతికి సగటున దాదాపు ఇరవై గజాలు తెచ్చాడు. వీళ్ళలో ఎవరినీ ట్రాక్ నుంచి అరువు తెచ్చుకోలేదు. ఆటలో పెరిగినవాళ్ళకు ట్రాక్ పదును పెట్టింది.

నా వాదనకు ఎదురు నిలిచే ఉదాహరణను దాటేసి వెళ్ళడం న్యాయం కాదు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ రిలేలో స్వర్ణం గెలిచిన జానీ ‘లామ్’ జోన్స్ మా టెక్సాస్ వాడే. హైస్కూల్‌లోనూ, టెక్సాస్ విశ్వవిద్యాలయంలోనూ ఫుట్‌బాల్ ఆడాడు. 1980 డ్రాఫ్ట్‌లో రెండో స్థానంలో న్యూయార్క్ జెట్స్ ఆయనను తీసుకుంది. ఆశించిన స్థాయికి ఆయన ప్రొఫెషనల్ జీవితం చేరలేదు. అంటే రెండు క్రీడలూ ఆడినంత మాత్రాన అన్నీ సమకూరవు. నేను దీన్నుంచి తీసుకునే పాఠం, వేగం ఎంత అరుదైనదైతే దానికి కట్టే వెల అంతగా మిగతా విద్యలను చూడనివ్వదన్నది. ఇటీవల ఆబర్న్ విశ్వవిద్యాలయం ఏంథొనీ ష్వార్ట్జ్‌ను వాడుకున్న తీరు ఈ విషయంలో కొంత మెలకువగా అనిపించింది. పదహారేళ్ళప్పుడే నూరు మీటర్లను 10.15లో పరుగెత్తిన ఆ కుర్రవాడికి, తొలి ఏడాది కష్టమైన దారులు నేర్పే దాకా ఆగకుండా, పక్కకు పరుగెత్తుతున్నప్పుడే బంతిని చేతికి అందించే ఎత్తులతో పని మొదలుపెట్టించారు. వేగం మొదటిరోజు నుంచీ పనికొచ్చింది, మిగతాది నేర్చుకోవడానికి వ్యవధి దొరికింది. తర్వాత ప్రొఫెషనల్ ఆటలో ఆయన నిలదొక్కుకోలేకపోయిన మాట నిజమే. కానీ కాలేజీ జట్టు తనకు కావలసింది తీసుకుంది, ఆయనకు మూడో రౌండ్ డ్రాఫ్ట్ దాకా దారి కూడా చూపింది.

మరి ఎంత వేగం ఉంటే చాలు? 2021 మే నెలలో కాలిఫోర్నియాలో ప్రొఫెషనల్ రిసీవర్ డి.కె. మెట్‌కాఫ్ అసలైన స్ప్రింటర్లతో నూరు మీటర్లు పరుగెత్తి 10.36 సెకన్లలో ముగించాడు. తన హీట్‌లో చివరివాడుగా వచ్చాడు. అదే మనిషి ఫుట్‌బాల్ మైదానంలో అందరూ భయపడే వేగవంతుడు. ట్రాక్‌లో చివరి స్థానం ఫుట్‌బాల్‌లో మొదటి స్థానమవుతున్నప్పుడు, 10.36ను 10.1 చేసుకోవడానికి జట్టు చెల్లించే మూల్యం దేనికోసం? ఇంకోవైపు మరో ప్రొఫెషనల్ రిసీవర్ కూపర్ కప్ ఉన్నాడు. డ్రాఫ్ట్‌కు ముందు ఆటగాళ్ళను కొలిచే కాంబైన్ పరీక్షలో, 2017లో, 40 గజాలకు 4.62 సెకన్లు తీసుకున్న ఈ మనిషి 2021 సీజన్‌లో 145 బంతులు, 1,947 గజాలు, 16 టచ్‌డౌన్లతో ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్.ఎఫ్.ఎల్.లో మూడింటిలోనూ మొదట నిలిచాడు. కప్ ఈస్టర్న్ వాషింగ్టన్ అనే చిన్న విశ్వవిద్యాలయం నుంచి వచ్చాడన్నది గమనించాలి; గడియారం చూసి ఎంచే పెద్ద కాలేజీలు వదిలేసుకున్నవాళ్ళలో ఇటువంటివారు ఉంటారు.

ఇంత చెప్పాక కూడా ట్రాక్ ఫలితాల పట్టికను రిక్రూటింగ్ సిబ్బంది చదవాలనే అంటాను. దానికి కారణం ఆ పట్టికలోని నిజాయితీ. 40 గజాల సమయాలను ఎవరో ఒకరు చేతి గడియారంతో కొలుస్తారు. కుర్రవాడు కదిలాకే గడియారం కదులుతుంది. శిబిరానికో సంఖ్య, సంఖ్యకో కథ. ట్రాక్ పోటీలో తుపాకీ మోతతో గడియారం మొదలవుతుంది, గీత దగ్గర కెమెరా ఉంటుంది, గాలి వేగం సెకనుకు 2.0 మీటర్లు దాటితే ఆ సమయం రికార్డుకు పనికిరాదు. చేతి గడియారపు సమయాన్ని ఎలక్ట్రానిక్ సమయంతో పోల్చాలంటే నూరు మీటర్లకు 0.24 సెకన్లు కలపాలని ట్రాక్ లోకం ఒప్పుకుంటుంది. ఆ నిష్కర్ష ఫుట్‌బాల్ శిబిరాల్లో నేను చూడలేదు. కాబట్టి ఒక మారుమూల హైస్కూల్ రిసీవర్ వీడియోలో అందరినీ దాటిపోతున్నాడంటే అతను వేగవంతుడా, లేక అతని ప్రత్యర్థులు నెమ్మదా అన్న ప్రశ్నకు ఏప్రిల్ నెల ట్రాక్ పోటీ ఇచ్చే జవాబును మించింది లేదు. ఆటను వీడియోలో చూసి, వేగాన్ని ట్రాక్‌లో సరిచూసుకోవాలి. ఈ వరుస తారుమారైనప్పుడే హైన్స్ వంటి కథలు పుడతాయి.

జట్టులో చోటు లెక్క కూడా ఇప్పుడు మారింది. లోగడ పై స్థాయి కాలేజీ ఫుట్‌బాల్‌కు 85 స్కాలర్‌షిప్‌ల పరిమితి, పురుషుల ట్రాక్‌కు, పలువురికి ముక్కలుగా పంచే 12.6 పరిమితి ఉండేవి. ఫుట్‌బాల్ కోసం పిలిపించుకున్నవాణ్ణి ట్రాక్ స్కాలర్‌షిప్ కింద దాచకుండా, రెండూ ఆడేవాణ్ణి ఫుట్‌బాల్ ఖాతాలోనే లెక్కించేవారు. అయితే స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరే వాక్-ఆన్ ఆటగాళ్ళకు అప్పట్లో ఆ పరిమితి వర్తించేది కాదు కాబట్టి, ట్రాక్ జట్టులో ఉన్న స్ప్రింటర్‌ను ఒక ఏడాది ఫుట్‌బాల్ సాధనకు రప్పించి చూడడం దాదాపు ఖర్చు లేని ప్రయోగంగా ఉండేది. కాలేజీ క్రీడాకారులు వేసిన దావాలో 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన హౌస్ ఒప్పందం తర్వాత, అందులో చేరిన కాలేజీల్లో స్కాలర్‌షిప్ పరిమితి పోయి, మొత్తం జట్టుకే 105 మంది అన్న హద్దు వచ్చింది. ఇప్పుడు ప్రయోగానికి తెచ్చిన స్ప్రింటర్ ఆ 105లో ఒక చోటు తింటాడు. ఆ చోటులో నాలుగేళ్ళుగా బంతి పడుతూ ఎదిగిన ఒక వాక్-ఆన్ ఉండేవాడు. ఏటా కొత్త ఆటగాళ్ళను బదిలీలో తెచ్చుకునే వీలు వచ్చాక, ఒక స్ప్రింటర్‌కు రెండేళ్ళు ఓపికగా ఆట నేర్పే కోచ్‌లు కూడా తగ్గిపోతున్నారు.

ఈ చర్చలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది, జట్టుకు లాభమా నష్టమా అని మాత్రమే అడిగి, ఆ కుర్రవాడికేమిటని ఎవరూ అడగకపోవడం. ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో డెవన్ ఆలెన్ 2014లో హర్డిల్స్‌లో కాలేజీ టైటిల్‌నూ జాతీయ టైటిల్‌నూ గెలిచి, అదే ఏడాది రిసీవర్‌గా 41 బంతులు, 684 గజాలు, 7 టచ్‌డౌన్లు సాధించాడు. రెండు విద్యలూ నిజంగా వచ్చినవాడు ఎలా ఉంటాడో చూడాలంటే ఆయన ఆ ఏడాది ఆట చూడాలి. 2015 జనవరి 1న రోజ్ బౌల్ అనే పెద్ద కాలేజీ పోటీలో మొదటి కిక్‌ను తిరిగి తెస్తుండగానే మోకాలు దెబ్బతింది. కోలుకుని 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్‌లో అయిదో స్థానం పొందాడు; అదే ఏడాది శరత్కాలంలో ఫుట్‌బాల్‌లో మళ్ళీ మోకాలు దెబ్బతింది. 2022లో 12.84 పరుగెత్తి అప్పటికి చరిత్రలో మూడో అత్యుత్తమ సమయం నమోదు చేసినప్పుడు ఆయనకు ఇరవై ఏడేళ్ళు. మోకాళ్ళు చెక్కుచెదరకుండా ఉన్న ఇరవై ఒకటో ఏట ఆయన ఎంత వేగంగా పరుగెత్తేవాడో తెలిసే వీలు లేకుండా పోయింది. ఆలెన్ ఇష్టపడే రెండూ ఆడాడు, ఆ ఎంపికను నేను గౌరవిస్తాను. కానీ ట్రాక్ ఒక్కటే ఇష్టపడే కుర్రవాణ్ణి, ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్ పూర్తిగా చదువు ఖర్చు భరిస్తుందనీ ట్రాక్ స్కాలర్‌షిప్ చిన్న ముక్కలుగా వస్తుందనీ చూపి ఇటు లాగడం వేరు. ఆ లెక్కకు తలొగ్గే కుటుంబాలు ఎక్కువగా డబ్బు లేనివి.

లాగిన తర్వాత అతని పరుగునే తీసేసుకుంటారు. వసంతకాలంలో ఫుట్‌బాల్ జట్టుకు పదిహేను సాధన రోజులుంటాయి. అవి సరిగ్గా బయటి ట్రాక్ సీజన్ మొదలయ్యే నెలల్లోనే పడతాయి. బరువు పెంచే గది అతనికి కండ చేరుస్తుంది, ట్రాక్ కోచ్ ఆ బరువును దించమంటాడు. రెండు సంవత్సరాల తర్వాత 10.3 పరుగెత్తినవాడు 10.6 పరుగెత్తుతాడు, తొడ కండరం పట్టేస్తుంది, రిసీవర్ల వరుసలో ఆరోవాడుగా మిగులుతాడు. వేగం కోసం తెచ్చినవాడి వేగాన్ని పెంచే పనే ఆపించడంలో అర్థమేమిటో ఏ కోచ్ కూడా నాకు నచ్చేలా చెప్పలేకపోయాడు. లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయంలో కొంతకాలం ఫుట్‌బాల్ ఆడిన జేవియర్ కార్టర్, 2006 జాతీయ కాలేజీ (ఎన్.సి.ఎ.ఎ.) పోటీల్లో నూరు మీటర్లు, నాలుగు వందల మీటర్లు, రెండు రిలేలు కలిపి నాలుగు టైటిళ్ళు ఒకే పోటీల్లో గెలిచి, తర్వాత ట్రాక్‌నే ఎంచుకున్నాడు. ఆ వసంతంలో ఆయనను పరుగెత్తనివ్వకపోతే ఆ నాలుగూ ఉండేవి కావు.

అందుకని, పిల్లవాడికి ఇటువంటి ఫోన్ వచ్చిందని సలహా అడిగిన తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒకటే. మీవాడి గురించి ఆ కోచ్ చూసిన వీడియోలో మీవాడు ఆగి తిరిగి బంతి పట్టిన సందర్భాలు ఏవేవో పేరుపేరునా చెప్పమనండి. చెప్పలేకపోతే అతను చూసింది ఫలితాల పట్టిక మాత్రమే. చెప్పగలిగితే, మే నెలలో కాన్ఫరెన్స్ (ఆ కాలేజీ ఉన్న కూటమి) ట్రాక్ పోటీలకూ జూన్‌లో జాతీయ పోటీలకూ పంపుతామన్న మాటను, వసంత సాధనలో ఏయే రోజులు మినహాయిస్తారో సహా, ట్రాక్ కోచ్ కూడా ఉన్న సమావేశంలో కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం రాసి ఇచ్చే జట్టుకు మీవాణ్ణి నిశ్చింతగా పంపవచ్చు.